ముందు ఆకలి, ఆ తర్వాతే ఆకారం

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడింటి విషయం ఒక్కటే. ముగ్గురూ ఓ కల్పిత పురుగును సముద్రం అడుగున బతికించాలని చూస్తున్నారు. ముప్పై ఒక్క ఏళ్లు జంతుశాస్త్రం చెప్పినదాన్ని, అందులోనూ పురుగులంటే ప్రాణం పెట్టేదాన్ని. అందుకే ఈ నెల చోటంతా ఈ ఉత్తరాలకే ఇచ్చేశాను.

ప్రశ్న: మేడమ్, నేను బీఎస్సీ చదువుతున్నాను. 7,000 మీటర్ల లోతున ఉండే అగాధంలో బతికే ఒక పురుగును ఊహించి గీస్తున్నాను. ఇప్పుడున్న ఏదో ఒక జీవి నుంచి లక్షల ఏళ్లలో పరిణామం చెంది వచ్చినట్టు ఉండాలని నా కోరిక. పది మీటర్ల పొడవు, ఒత్తిడికి నలిగిపోకుండా ఒంటినిండా సున్నపు కవచం, ఎర్రగా వెలిగే కళ్లు, కత్తుల్లాంటి దవడలు పెట్టాను. బొమ్మ చూసినవాళ్లంతా బాగుందన్నారు. మా చెల్లి మాత్రం "అక్కడ ఇది ఏం తింటుంది?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు ఎక్కడ నుంచి సరిచేయాలి?

జవాబు: మీ చెల్లెలు అడిగిందే అసలు ప్రశ్న. దవడలు, కళ్లు, కవచం ఇవన్నీ జవాబులు. ప్రశ్నలు వాటికంటే ముందు రావాలి. అక్కడ ఏం దొరుకుతుంది, ఎంత దొరుకుతుంది, దానికోసం ఇంకెవరు కాచుకుని ఉన్నారు?

పాఠాలు చెప్పే రోజుల్లో ఏటా అనెలిడా (వానపాము, జలగల్లాంటి పురుగుల వర్గం) అధ్యాయం అయిపోగానే పిల్లల చేత ఒక కొత్త పురుగును తయారుచేయించేదాన్ని. బొమ్మకంటే ముందు నోటుబుక్కులో ఓ పేజీ తీసి నిలువుగా గీత గీయమనేదాన్ని. ఎడమవైపు జమ, కుడివైపు ఖర్చు. కన్ను పెట్టారా, ఖర్చు రాయండి. కవచం పెట్టారా, అదీ రాయండి. గుడ్లు, ఈత, విషం, వెలుగు అన్నీ కుడివైపే పడతాయి. ఎడమవైపు ఖాళీగా ఉన్న పురుగు బొమ్మలోనే చచ్చిపోయినట్టు లెక్క. మీరూ అలాంటి పేజీ ఒకటి తీయండి, ఇద్దరం కలిసి నింపుదాం.

ముందు జమ. మొక్కలు బతకడానికి చాలినంత ఎండ సముద్రంలో 200 మీటర్ల వరకే. 1,000 మీటర్లు దాటితే సూర్యుడి వెలుగు బొత్తిగా ఉండదు. మీ పురుగు ఉన్నది దానికి ఏడింతల లోతున. అక్కడికి తిండి పైనుంచి రాలాల్సిందే: చచ్చిన సూక్ష్మజీవులు, జంతువుల మలం, జిగురు తునకలు. దీన్ని 'సముద్రపు మంచు' అంటారు. దారిలో ఎందరో తినగా, పైన తయారైన దాంట్లో నూటికి ఒకటి రెండు పాళ్లు అడుగు చేరితే గొప్ప. దాన్ని తిని చిన్న ప్రాణులు, వాటిని తిని వేటాడేవి. ఈ మెట్లలో ఒక్కోటి ఎక్కేసరికి సుమారుగా పదింట తొమ్మిది వంతులు ఆవిరైపోతాయి. పది మీటర్ల వేటగాడికి మిగిలేదెంతో మీరే వేసి చూడండి. నీళ్లు చూస్తే గడ్డకట్టడానికి కాస్త ఇవతల ఉన్నంత చల్లన. ఆ చలిలో ఒంట్లో పనులన్నీ నెమ్మదిస్తాయి కనుక తక్కువ తిండితో ఎక్కువ కాలం నెట్టుకురావచ్చు, అంతవరకు మేలే. కానీ పరుగెత్తి పట్టుకునే బతుక్కి ఆ జమ చాలదు.

మంచు కాక ఇంకో రెండు మూడు ఆదాయాలున్నాయి. 1977లో గలాపగోస్ దీవుల దగ్గర సుమారు 2,500 మీటర్ల లోతుకు ఆల్విన్ అనే చిన్న జలాంతర్గామిలో దిగినవాళ్లు వేడినీటి బుగ్గల పక్కన నిలువెత్తు గొట్టపు పురుగుల తోటలు చూశారు. తెల్లటి గొట్టం, చివర రక్తం రంగు పింఛం. పేరు రిఫ్టియా. పెద్దది రెండు మీటర్ల దాకా పెరుగుతుంది. దానికి నోరు లేదు, పేగు లేదు, మలద్వారం లేదు. ఎలా బతుకుతోందో ఎవరికీ అంతుపట్టలేదు. మెరెడిత్ జోన్స్ అనే శాస్త్రవేత్త ఒక ఉపన్యాసంలో, ఆ పురుగు ఒంట్లో గంధకపు స్ఫటికాలు కనిపించాయని మాటవరసకు చెప్పాడు. వింటున్న విద్యార్థిని కొలీన్ కావనా లేచి నిలబడి, అయితే లోపల గంధకంతో బతికే బ్యాక్టీరియా ఉండి తీరాలి అంది. 1981లో ఆమె దాన్ని రుజువులతో ప్రచురించింది. పురుగు తన హీమోగ్లోబిన్‌తో ఆక్సిజన్‌ను, హైడ్రోజన్ సల్ఫైడ్‌ను ఒకే అణువు మీద వేర్వేరు చోట్ల కూర్చోబెట్టి లోపలికి మోసుకెళ్తుంది. సల్ఫైడ్ అంటే కుళ్లిన గుడ్ల వాసన వేసే విషం, కణాల ఊపిరి ఆపేస్తుంది. ఆ విషాన్ని పురుగు తనకు తగలకుండా బ్యాక్టీరియాకు అందిస్తుంది. అవి వండి పెడతాయి. ఈ పాఠం చెప్పిన ప్రతిసారీ నాకు ఒళ్లు గగుర్పొడిచేది, ఇప్పటికీ అంతే.

ఇందులో మీకు పనికొచ్చే సంగతి ఒకటుంది. నోరు లేని రిఫ్టియా పుట్టుకతో అలా ఉండదు. డింభకానికి, అంటే గుడ్డులోంచి వచ్చిన పిల్లకు, పేగు ఉంటుంది. బయటి నీళ్లలోని బ్యాక్టీరియా చర్మం గుండా లోపల చేరి స్థిరపడ్డాక ఆ పేగు మాయమైపోతుంది. కల్పిత జీవుల్ని గీసేవాళ్లు ఎప్పుడూ చేరుస్తూ పోతారు: ఇంకో కొమ్ము, ఇంకో కన్ను, ఇంకో జత దవడలు. తీసేసేవాళ్లు అరుదు. నా మటుకు నాకు, ఒక జీవి ఏం పోగొట్టుకుందో చూస్తేనే అది ఎక్కడ బతికిందో తెలుస్తుంది. మీ ఖర్చుల వైపు నుంచి కొన్ని కొట్టేయండి. పురుగు నిజంగా కనబడటం అప్పుడు మొదలవుతుంది.

మరి ఏ ఆదాయం ఎంచుకోవాలి? వేడినీటి బుగ్గలు మీరు చెప్పిన లోతుకు సరిపడవు. అవి ఎక్కువగా సముద్రగర్భపు కొండల వరస మీద, ఇంతకంటే పైన ఉంటాయి. తిమింగలాల కళేబరాలున్నాయి. 2002లో కాలిఫోర్నియా తీరం దగ్గర సముద్రం అడుగున ఉన్న మాంటెరీ లోయలో 2,891 మీటర్ల లోతున ఓ తిమింగలం ఎముకల మీద ఎర్రటి పింఛాలతో చిన్న పురుగులు కనిపించాయి. 2004లో వాటికి ఆసిడాక్స్ అని పేరు పెట్టారు, ఎముకను మింగేది అని లాటిన్ అర్థం. ఇవి రిఫ్టియాకు చుట్టాలే. వీటికీ నోరు లేదు. కింది భాగం చెట్టు వేరులా పాయలుగా చీలి ఎముకలోకి దిగుతుంది. వేరు ఆమ్లాన్ని స్రవించి ఎముకలోని ఖనిజాన్ని కరిగిస్తుంది, లోపలి మాంసకృత్తుల్ని, కొవ్వును పీల్చుకుంటుంది. ఆ వేళ్లలోనూ బ్యాక్టీరియా కాపురం ఉంటుంది.

మీ పురుగుకు ఈ ఆసిడాక్స్ వంశాన్నే పూర్వీకులుగా ఇస్తాను. తిండిగా మాత్రం ఎముకకు బదులు చెక్కను ఇస్తాను. వరదల్లో నదులు మోసుకొచ్చిన మానులు నీళ్లు తాగి మునిగిపోతాయి. ఒడ్డుకు దగ్గరగా ఉన్న అగాధాల్లోకి కొమ్మలు, ఆకులు జారి చేరుతుంటాయి. అది ఎంత నమ్మకమైన రాబడి అంటే, ప్రపంచంలో అన్నిటికంటే లోతైన ఛాలెంజర్ డీప్‌లో బతికే హిరోండెలియా అనే ప్రాణి, రొయ్యకు దూరపు చుట్టం, దాని ఒంట్లో చెక్కలోని సెల్యులోజ్‌ను చక్కెరగా విడగొట్టే ఎంజైములున్నాయని 2012లో తేలింది. అంటే మీ 7,000 మీటర్లు మార్చుకోనక్కర్లేదు.

ఇక్కడి నుంచి నేను చెప్పేది ఊహ, గుర్తుంచుకోండి. కానీ ఊహలో కూడా ప్రతి మెట్టు మీదా పురుగు కడుపు నిండాలి. లక్ష ఏళ్ల తర్వాత లాభం వస్తుందని ఏ జీవీ ఇవాళ పస్తు ఉండదు. చాలామంది ఊహలు కూలిపోయేది ఈ నడిమధ్యనే. మొదటి జీవి బాగుంటుంది, చివరి జీవి బాగుంటుంది, మధ్యలోది ఎలా బతికిందో ఎవరూ చెప్పరు.

ఎముక నుంచి చెక్కకు మారడంలో మూడు చిక్కులున్నాయి. చెక్కలో కరిగించాల్సిన ఖనిజం లేదు, కనుక ఆమ్లం దండగ. సెల్యులోజ్, లిగ్నిన్ అనేవి పురుగు వేళ్లకు అలవాటు లేని తిండి. అన్నిటికంటే పెద్దది మూడోది, మాంసకృత్తులకు కావాల్సిన నత్రజని చెక్కలో బహు తక్కువ. ఎముకలో మాంసకృత్తులు పుష్కలం. చెక్క తినేవాడి కడుపు నిండినా ఒళ్లు పెరగదు.

అందుకని నేను ఇలా నడిపిస్తాను. వాలు కింద తిమింగలపు ఎముక, దాన్ని ఆనుకుని ఓ మాను. ఎముకలో పాతుకున్న పురుగు వేరు ఒకటి అవతలికి పాకి ఆ మానులో దూరుతుంది. అప్పటికే ఆ చెక్కను జైలోఫాగా అనే ఆల్చిప్పలు తొలిచేసి ఉంటాయి. ఇవి కల్పితం కాదు, లోతు సముద్రంలో చెక్క పడితే చాలు, గుంపులుగా చేరి సొరంగాలు చేసి జల్లెడలా మార్చేస్తాయి. ఆ సొరంగాల్లో నమిలిన పిప్పి, మలం, కరిగిన చక్కెరలు ఉంటాయి. నీళ్లలో కరిగిన పోషకాల్ని పీల్చుకోవడం ఆ వేరుకు ఎలాగూ తెలుసు. కనుక మొదటి తరం ఏమీ కొత్తగా నేర్చుకోకుండానే ఎముకతో పాటు ఓ చిరుతిండి సంపాదించింది. ఎముక అయిపోయాక కూడా ఇంకొన్నాళ్లు గుడ్లు పెట్టగలిగింది. ఆ కాస్త తేడా చాలు.

రెండో మెట్టు నాకు చాలా ఇష్టమైనది. ఆసిడాక్స్ తన బ్యాక్టీరియాను తల్లి నుంచి తెచ్చుకోదు. ప్రతి తరం పిల్ల తాను వాలిన చోట చుట్టుపక్కల నుంచి పోగుచేసుకుంటుంది. అలాంటప్పుడు చెక్క మీద వాలిన పిల్లకు వేరే రకం బ్యాక్టీరియా తగలవచ్చు. ఓడపురుగు ఉంది కదా, పేరుకు పురుగే గానీ నిజానికి అదీ చెక్క తొలిచే ఆల్చిప్పే, దాని మొప్పల్లో ఉండే బ్యాక్టీరియా సెల్యులోజ్‌ను విడగొడుతుంది, నీళ్లలో కరిగిన నత్రజనిని పట్టి మాంసకృత్తులకు పనికొచ్చేలా మారుస్తుంది కూడా. రెండు చిక్కులకూ ఒక్క అద్దెకాపురంతో పరిష్కారం. అలాంటి బ్యాక్టీరియా ఒకటి మీ పురుగు వేళ్లలో స్థిరపడనివ్వండి. ఆ తర్వాత ఆమ్లం తయారుచేసే కణాలు తరాలు గడిచేకొద్దీ తగ్గిపోతాయి. పనిలేని దానికి ఖర్చు పెట్టని పురుగుకే నాలుగు గుడ్లు ఎక్కువ.

ఇక మీ బొమ్మలోని నాలుగు సంగతులు.

సున్నపు కవచం తీసేయండి. లోతుకు పోయేకొద్దీ చల్లదనం, ఒత్తిడి, కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్ కలిసి కాల్షియం కార్బొనేట్‌ను కరిగించేస్తాయి. మహాసముద్రాల్లో చాలాచోట్ల 4,000 నుంచి 5,000 మీటర్ల దిగువన సున్నపు గుల్లలు అడుగున పోగుపడవు. మీ పురుగు కవచం నిలుపుకోవడానికే పొద్దంతా చాకిరీ చేయాలి. రిఫ్టియా గొట్టంలా కైటిన్ (రొయ్య పెంకులో ఉండే పదార్థం), మాంసకృత్తుల గొట్టం ఇవ్వండి. పైగా కవచం ఒత్తిడిని ఆపుతుందనుకోవడం చాలామందికి ఉన్న అపోహ. ప్రతి పది మీటర్లకూ ఒక అట్మాస్ఫియర్ (నేల మీద మనకుండే గాలి ఒత్తిడి) చొప్పున అక్కడ ఒత్తిడి 700 రెట్లు, నిజమే. కానీ ఒంట్లో గాలి సంచులు లేని జీవి నలిగిపోదు, లోపలి నీరు బయటి నీరు ఒకే ఒత్తిడిలో ఉంటాయి. దెబ్బ తగిలేది అణువుల స్థాయిలో. మాంసకృత్తుల మడతలు చెదురుతాయి, కణాల పొరలు బిగుసుకుపోతాయి. లోతు చేపలు ట్రైమిథైలమైన్ ఆక్సైడ్ అనే పదార్థాన్ని ఒంట్లో నింపుకుని ఆ మడతల్ని కాపాడుకుంటాయి. 2022లో 8,336 మీటర్ల దగ్గర ఒక చేపను కెమెరాలో పట్టారు. అంతకు మరీ కిందికి చేపలు పోలేకపోవడానికి ఈ పదార్థం ఒంట్లో మితిమీరిపోవడమే కారణమని అనుకుంటున్నారు. పురుగులకు ఆ ఇబ్బంది లేదు, వాటి ఒంటి ఉప్పదనం మొదటి నుంచీ సముద్రంతో సమానం. కనుక కవచానికి పెట్టిన ఖర్చును ఇలాంటి పదార్థానికి మళ్లించండి. బొమ్మలో కనబడదు, పక్కన ఒక వాక్యం రాస్తే చాలు.

ఎర్రగా వెలిగే కళ్లూ తీసేయండి. కన్ను వెలుగును పట్టేది, వెలుగును చిమ్మేది వేరే అవయవం. లోతు సముద్రంలో ప్రాణులు వెలిగించే వెలుగు చాలావరకు నీలం, ఎందుకంటే నీళ్లలో అదే దూరం పోతుంది. ఎరుపు తొందరగా ఇంకిపోతుంది, దాన్ని చూడగలిగే కళ్లు కూడా అక్కడ అరుదు. అయినా వేళ్లు పాతుకుని కదలకుండా ఉండే పురుగుకు కళ్లతో ఏం పని? వెలుగు మీద మీకు అంత మక్కువ ఉంటే ఇంకో పురుగును చేయండి, ఈదేదాన్ని. స్వైమా అనే నిజమైన పురుగు ఉంది, 2009లో లోకానికి తెలిసింది. బెదిరితే మొప్పల నుంచి మారిన చిన్న ఉండల్ని వదులుతుంది, అవి కాసేపు ఆకుపచ్చగా వెలుగుతాయి, అది చీకట్లోకి తప్పుకుంటుంది. ఇంతకంటే అందమైనది నేను ఊహించలేకపోయాను.

ఎరుపు రంగును మాత్రం పింఛానికి ఉంచండి. అది హీమోగ్లోబిన్ రంగు, ఆక్సిజన్ కోసం దానికి పని ఉంది. ఆ చీకట్లో ఎరుపూ నలుపూ ఒక్కటే కనుక దానివల్ల చేటు కూడా లేదు.

దవడలు ఈ పురుగుకు వద్దు, కానీ ఎప్పుడైనా కావాల్సివస్తే సున్నం లేకుండానే గట్టి దవడలు చేయవచ్చని తెలుసుకోండి. గ్లైసెరా అనే పురుగు కోరల్లో రాగి ఉంటుంది. నీరిస్ అనే ఇంకో సముద్రపు పురుగు దవడల్లో జింకు ఉంటుంది. నీరిస్‌ను కోసి చూపించేటప్పుడు సూది మొనతో ఆ దవడను తాకి చూడమనేదాన్ని. అంత మెత్తటి ఒంట్లో అంత గట్టి వస్తువు ఎలా వచ్చిందని పిల్లలు మళ్లీ మళ్లీ తాకి చూసేవాళ్లు.

పది మీటర్ల పొడవు మీద మీకున్న మమకారం అర్థమైంది. చెక్క బయట కనిపించే గొట్టం, పింఛం కలిపి ఓ జానెడు చాలు. అయితే లోపల వేళ్లు చీలుతూ చీలుతూ ఆల్చిప్పల సొరంగాలన్నీ అల్లుకుపోవచ్చు. ఆ పాయలన్నీ విప్పి వరసగా పెడితే మీ పది మీటర్లు వస్తాయేమో కొలతలు వేసి చూడండి. గ్రాఫు కాగితం మీద అసలు కొలతలో గీయండి, తప్పులన్నీ అక్కడే బయటపడతాయి.

ప్రశ్న: పాత సంచికలో మీరు ఆసిడాక్స్ గురించి రాసింది చదివి నేనూ ఒక పురుగును ఊహించాను. ఇది ఎముకల మీద కాదు, మునిగిన చెట్ల మీద బతుకుతుంది. కానీ ఒక మాను అరిగిపోయాక దాని పిల్లలు మరో మానును ఎలా వెతుక్కుంటాయి? సముద్రం అంత పెద్దది, చీకటి. ఆడా మగా ఎలా కలుస్తాయి? వయసు ఎంత పెట్టాలి? - ఇద్దరు పిల్లల తల్లి, రాత్రిళ్లు బొమ్మలు గీసుకునే పాఠకురాలు

జవాబు: చెట్ల ఊహ మీకూ తట్టినందుకు సంతోషంగా ఉంది. మీరు అడిగినవి సగం మంది అడగనే అడగరు. పెద్ద పురుగును తీర్చిదిద్ది పిల్లను మరిచిపోతారు. ఇలాంటి చోట జాతి నిలబడేది పిల్లల ప్రయాణం మీదే.

పిల్లలు వెతుక్కోవు. అవి ఈదేది తక్కువ, ప్రవాహం మోసుకెళ్లేది ఎక్కువ. రిఫ్టియా డింభకం తల్లి గుడ్డులో పెట్టిన కొవ్వు మీద సగటున 38 రోజులు బతకగలదని, ఆ లోపు ప్రవాహాలు అనుకూలిస్తే సుమారు 100 కిలోమీటర్ల దాకా పోగలదని 2001లో లెక్కగట్టారు. మీరు నింపాల్సిన అంకెలు ఇవే: ఎన్ని గుడ్లు, ఒక్కోదానిలో ఎంత దారిబత్తెం, ఎన్ని రోజులు. బత్తెం ఎక్కువ కడితే గుడ్లు తగ్గించుకోవాలి. మానులు ఎక్కడ పడితే అక్కడ ఉండవు, నదుల మొగల ఎదుట ఉన్న అగాధాల్లో గుట్టలుగా ఉంటాయి. కనుక మీ పురుగు ప్రపంచమంతా చుట్టనక్కర్లేదు, ఒకే అగాధం వెంట పాకితే చాలు. అప్పుడు ఒక్కో అగాధానికి ఒక్కో జాతి విడిపోయి ఉంటుంది. ఒక పురుగుతో మొదలుపెట్టి మీకు పది జాతులు వస్తాయి, రాత్రిళ్లకు కావలసినంత పని.

ఆడ, మగ విషయంలో ఆసిడాక్స్‌ను చూడండి. కంటికి కనిపించే పింఛాలన్నీ ఆడవే. మగవి డింభకం దశలోనే ఆగిపోయిన అణుమాత్రపు జీవులు, ఆడదాని గొట్టంలోనే పదుల సంఖ్యలో కాపురం ఉంటాయి. చీకట్లో తోడు దొరకడం అంత కష్టమైనప్పుడు, దొరికినప్పుడే అంటిపెట్టుకుని ఉండటం లాభం. మగవాటికి తిండి కూడా తల్లి గుడ్డులో పెట్టిన కొవ్వే. బొనీలియా అనే మరో సముద్రపు పురుగులో అయితే ఖాళీ నేల మీద వాలిన పిల్ల ఎక్కువగా ఆడది అవుతుంది, ఆడదాని మీద వాలితే మగది అవుతుంది. ఈ ఏర్పాటును మీ పురుగుకు ఇవ్వమని నా సలహా: చెక్క మీద పడితే ఆడ, ఆడదాని పింఛం మీద పడితే మగ. ఇది మారని కట్టుబాటేమీ కాదు. ఆసిడాక్స్‌లోనే ఒక జాతిలో మగవి మళ్లీ పెద్దవై తామూ ఎముక తింటున్నాయి. 2015లో అది తెలిసినప్పుడు నేను నా పాత నోట్సులో ఒక పేజీ కొట్టేసి తిరిగి రాసుకున్నాను.

వయసు సంగతి. ఇద్దరు చుట్టాల్ని పక్కపక్కన పెట్టి చూడండి. రిఫ్టియా ఏడాదికి 85 సెంటీమీటర్లకు పైగా గొట్టం పెంచుతుంది. మెక్సికో సింధుశాఖలో చల్లటి ఊటల దగ్గర ఉండే లామెల్లిబ్రాకియా అనే గొట్టపు పురుగు రెండు మీటర్లు పెరగడానికి 170 నుంచి 250 ఏళ్లు తీసుకుంటుంది. ఇంచుమించు ఒకే దేహం, ఒకే రకం బతుకు. తేడా ఇంటిలో ఉంది. వేడినీటి బుగ్గ కొన్నేళ్లకో కొన్ని పదుల ఏళ్లకో ఆరిపోతుంది, ఈలోగా ఎదిగి గుడ్లు పెట్టేయాలి. చల్లటి ఊట శతాబ్దాలు పారుతుంది, తొందర లేదు. మీ పురుగు ఇల్లు ఒక మాను. ఆల్చిప్పలు దాన్ని పిండి చేసేదాకానే గడువు. నేనైతే పదేళ్లు రాస్తాను, మొదటి రెండేళ్లలోనే గుడ్లు మొదలుపెట్టిస్తాను. చిన్న కొమ్మ మీద వాలిన పురుగు ఇంకా ముందే పెట్టాలి. మానును బట్టి తొందర మారే పురుగైతే ఇంకా బాగుంటుంది.

ప్రశ్న: నేను పదో తరగతి. నా పురుగు కింది భాగం బురదలో ఉంటుంది, ఎవరికీ కనబడదు. అది గీయకుండా వదిలేయొచ్చా? ఇంకోటి, దానికి లాటిన్ పేరు ఎలా పెట్టాలి?

జవాబు: నువ్వు అడిగిన మొదటి ప్రశ్నకు పెద్ద పెద్ద శాస్త్రవేత్తలే దెబ్బతిన్న కథ ఉంది, విను. ఈ గొట్టపు పురుగుల వంశంలో సన్నగా దారంలా ఉండే జాతులున్నాయి. మొదటిదాన్ని 1914లో వర్ణించారు. వలలో పైకి లాగినప్పుడు వాటి తోక తెగి బురదలోనే ఉండిపోయేది. తోక ఉందనే ఎవరికీ తెలియదు. ఉన్న ముక్కను చూసి ఇవి వానపాముల బంధువులు కావని, వెన్నెముక జీవుల వైపు చుట్టాలని కూడా అనుకున్నారు. 1964లో తోకతో సహా ఒక పురుగు దొరికింది. చూస్తే ఆ తోక నిండా ఖండితాలు (వానపాము ఒంటి మీద కనిపించే ఉంగరాల్లాంటి భాగాలు), ఖండితాల మీద శూకాలు (గట్టి పొట్టి వెంట్రుకలు), అచ్చం అనెలిడా లక్షణం. ఆ తర్వాత డీఎన్ఏ కూడా అదే చెప్పింది. యాభై ఏళ్లు వంశం తేలకపోవడానికి ఓ పెద్ద కారణం ఆ తెగిన తోక.

కనుక వదిలేయకు. ముందు తోకే గీయి. బురదలో దేన్ని పట్టుకుని నిలబడుతుంది, ఎన్ని ఖండితాలు, ఎన్ని శూకాలు, అవి కొక్కేల్లా వంగి ఉన్నాయా తిన్నగా ఉన్నాయా రాయి. నీ పురుగు ఎవరి పిల్లో అక్కడే తెలుస్తుంది.

పేరులో రెండు మాటలుంటాయి. మొదటిది ప్రజాతి, రెండోది జాతి. ప్రజాతి పేరు జంతువుల్లో ఇంకెవరికీ ఉండకూడదు, కనుక నచ్చిన పేరు తట్టగానే అది ఇప్పటికే ఎవరికైనా ఉందేమో మీ సైన్సు టీచరుతో కలిసి వెతుకు. ఆసిడాక్స్‌లో 'ఆస్' అంటే ఎముక, 'ఎడాక్స్' అంటే ఆబగా తినేది. పై ఉత్తరాల్లోని చెక్క పురుగు కోసం నేను అదే పద్ధతిలో, లాటిన్‌లో చెక్కకున్న 'లిగ్నమ్' అనే మాట తీసుకుని లిగ్నెడాక్స్ అని రాసుకున్నాను. నీది బురదలో ఏం తింటుందో నాకు రాయలేదు. అది రాసి పంపు, పేరు ఇద్దరం కలిసి చూద్దాం.